మంగళవారం తెల్లవారకముందే

చెయ్యి చాపు. నీ అరచేతిలో పోస్తున్నది ఉడికిన గోధుమ. పొయ్యి మీంచి దించి చాలాసేపయింది. నీళ్ళు వార్చి, తొట్టిలో పోసి, మూత పెట్టి ఉంచారు. ఒక గింజ తీసి బొటనవేలితో నొక్కు. పైన తడి అంటదు. లోపల మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మెత్తదనం.

"తొందరపడ్డామా, రోలరుకి ముద్దలా అతుక్కుపోతుంది," అంటాడతను. "మరీ ఆగామా, పులిసిన వాసన కొడుతుంది. గడియారం చూసి చెప్పలేం. చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది."

గింజలు వెనక్కి తీసుకునేటప్పుడు అతని వేళ్ళు నీ చేతిలో కాస్త ఎక్కువసేపే ఆగుతాయి. నువ్వు చెయ్యి లాక్కోవు.

ఇది 1902 ఫిబ్రవరి 17, సోమవారం సాయంత్రం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, బ్యాటిల్ క్రీక్ ఊరు. బయట మంచు గట్టిపడి ఉంది. నీ ఒంటి మీద నర్సు గౌను, మెడ దాకా బొత్తాలు. బ్యాటిల్ క్రీక్ శానిటేరియం నర్సింగ్ స్కూల్లో రెండో ఏడు చదువుతున్నావు. రేపటి ఫలహారానికి ఎన్ని పెట్టెలు పంపుతారో కనుక్కు రమ్మని నిన్ను ఫ్యాక్టరీకి పంపారు. ఆ మాట అడగడానికి నిమిషం చాలు. నువ్వొచ్చి చాలాసేపయింది.

అతను మరమీట లాగుతాడు. కాళ్ళ కింద నేల అదురుతుంది. రెండు రోలర్ల మధ్యలోకి గింజలు జారుతాయి. అటువైపు రేకులై వస్తాయి. ఒక గింజకి ఒక రేకు. రోలరుకి ఆనుకుని ఉన్న ఇనుపబద్ద వాటిని గీకి పళ్ళెంలోకి రాలుస్తుంది. పళ్ళెం పొయ్యిలోకి వెళ్తుంది. కాసేపటికి వేగిన గోధుమ వాసన గదంతా నిండుతుంది. అటుకులు తిని పెరిగినవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. వడ్లు నానబెట్టి, వేయించి, దంచితే అటుకులు. గోధుమ ఉడకబెట్టి, ఆగి, అణిచి, కాలిస్తే ఈ రేకులు. వీటి పేరు గ్రానోస్.

ఇదంతా ఎందుకు మొదలైందంటావా? శానిటేరియంలో పడుకున్న రోగుల కోసం. అరగని కడుపులు, ఊడిన పళ్ళు. వాళ్ళకి తేలిగ్గా నమలగలిగే తిండి కావాలి. డాక్టర్ జాన్ హార్వే కెలాగ్, ఆయన తమ్ముడు విల్ కీత్ కెలాగ్ 1894లో ఉడికించిన గోధుమను వేరే పని మీద పడి అలాగే వదిలేశారని, తిరిగొచ్చి పారెయ్యడం ఇష్టంలేక రోలర్లలో వేశారని, అప్పుడీ రేకు వచ్చిందని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. 1896లో డాక్టర్ గారి పేరున పేటెంటు వచ్చింది. రోజంతా లెక్కలు చూసేది, పెట్టెలు పంపేది, పనివాళ్ళ కష్టం వినేది మాత్రం తమ్ముడే. ఆయన్ని అందరూ డబ్ల్యూ.కె. గారంటారు.

అతను మరమీట వదిలి నీ దగ్గరికి వస్తాడు. గొంతు తగ్గిస్తాడు.

"కొత్త ఫ్యాక్టరీ వాళ్ళు మనిషిని పంపారు. రోలర్ల దగ్గర చేసినవాడు కావాలట. ఇక్కడి జీతానికి రెట్టింపు. రేపు మధ్యాహ్నంలోగా చెప్పాలి."

నువ్వేమీ అనవు.

"ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు. మీ నాన్నగారికి ఉత్తరం రాయొచ్చు." ఆ పై మాట అనలేక ఆగిపోతాడు. చెవులు ఎర్రబడ్డాయి.

కిటికీలోంచి చూడు. ఊళ్ళో ఫ్యాక్టరీ గొట్టాలు ఎన్నని లెక్కపెడతావు? 1891లో సి.డబ్ల్యూ. పోస్ట్ అనే ఆయన రోగిగా ఈ శానిటేరియానికే వచ్చాడు. 1895లో ఇదే ఊళ్ళో పోస్టమ్ అనే ధాన్యపు పానీయం మొదలుపెట్టాడు. 1897లో గ్రేప్ నట్స్ తెచ్చాడు. బాగా గడించాడు. అది చూసి డబ్బున్నవాళ్ళు, లేనివాళ్ళు అందరూ రైలెక్కి వచ్చి ఇక్కడ ఫ్యాక్టరీలు పెడుతున్నారు. వాళ్ళకి యంత్రాలు దొరుకుతున్నాయి, పెట్టెల మీద బొమ్మలేసేవాళ్ళు దొరుకుతున్నారు. గోధుమ ఎప్పుడు సరిగ్గా ఉందో చెప్పగల చెయ్యి దొరకడం లేదు.

"అది ఇక్కడ నేర్చుకున్న పని కదా," అంటావు.

"డాక్టర్ గారే రోగుల్ని తీసుకొచ్చి అంతా చూపిస్తారు. డబ్ల్యూ.కె. గారు పళ్ళు కొరుక్కుంటూ నిలబడతారు. చూసిపోయినవాళ్ళు ఫ్యాక్టరీలు పెడితే తప్పు లేదు, నేను కూలికి వెళ్తే తప్పా?"

అడిగినదాంట్లో న్యాయం ఉంది. నీకూ తెలుసు. కానీ నువ్విక్కడికి జీతం చూసుకుని రాలేదు. ఈ శానిటేరియం మూలం సెవెన్త్ డే ఎడ్వెంటిస్టు సంఘం 1866లో పెట్టిన ఆరోగ్యశాల. దేహం దేవుడిచ్చిన ఆలయమని, దాన్ని శుభ్రంగా ఉంచడం కూడా ఆరాధనేనని నీ చిన్నప్పట్నించీ వింటున్నావు. అందుకే ఇక్కడ మాంసం లేదు, కాఫీ లేదు, టీ లేదు, సారా పొగాకుల ఊసే లేదు. శుక్రవారం పొద్దుగూకితే శనివారం పొద్దుగూకేదాకా సబ్బాతు. ఇవన్నీ అతనికీ తెలుసు. అతనూ అదే గుడిలో, నీకు మూడు వరసల వెనక కూర్చుంటాడు. నువ్వెప్పుడు తల తిప్పుతావా అని చూస్తుంటాడు.

"పొద్దున్న చెప్తాను," అంటావు.

"సరే సిస్టర్," అంటాడు పైకి, ఫోర్‌మన్ వస్తున్నాడు మరి.

ఈ ఊరి కథ ఎప్పుడు చెప్పినా పేటెంట్లు, దావాలు, లక్షల డాలర్లు ముందుకొస్తాయి. ఆ తొట్టి పక్కన నిలబడ్డవాళ్ళు, రాత్రుళ్ళు మంచాల పక్కన కూర్చున్నవాళ్ళు కనబడరు. నాకు వాళ్ళే కావాలి. అందుకే నిన్ను ఇక్కడ నిలబెట్టాను.

రాత్రి డ్యూటీ. ప్రధాన భవనం, మూడో అంతస్తు.

లాంతరు చిన్నగా పెట్టుకుని వరండాలో నడుస్తున్నావు. చెప్పుల చప్పుడు కాకూడదు. తలుపుల వెనక గురక, దగ్గు. ఈ రాత్రి శానిటేరియంలో దాదాపు 400 మంది రోగులున్నారు. డాక్టర్ గారు ఊళ్ళో లేరు. పడమటి వైపు వెళ్ళి రైల్లో తిరిగొస్తున్నారు. నీ వరసలో చివరి గదిలో ఒక ముసలావిడ. తుంటి ఎముక విరిగింది, లేవలేదు. పాలల్లో నానేసిన గ్రానోస్ నువ్వు స్పూనుతో పెడితేనే తింటుంది. మంచం కింద తోలు పెట్టె. అందులో చనిపోయిన భర్త రాసిన ఉత్తరాలు. రోజూ ఒకటి చదివించుకుంటుంది.

ఈ రాత్రీ చదివావు. చదువుతుంటే నీ గొంతు ఎక్కడో తడబడింది.

"ఎవరమ్మా అతను?" అందావిడ కళ్ళు మూసుకునే.

"రోలర్ల దగ్గర పనిచేస్తాడండీ."

"దేవుణ్ణి అడిగావా?"

"అడుగుతున్నానండీ. జవాబే తెలియడం లేదు."

ఆవిడ నిద్రపోయింది. నువ్వు వరండా చివర కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మీద చేతులు కట్టుకుని మళ్ళీ అడిగావు. గడియారం 3 కొట్టింది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

ఏదో వాసన.

లేచి నిలబడతావు. వంటింటి వాసనలా లేదు. వార్నిషు కాలుతున్న వాసన. లిఫ్టు గూడు దగ్గరికి వెళ్తావు. ఇనుప ఊచల మధ్య నుంచి సన్నగా, బూడిదరంగులో, నిటారుగా పైకి పోతోంది. పొగ.

కిందనుంచి కాపలావాడి కేక. "నిప్పు! లేపండి! అందర్నీ లేపండి!"

మంట నేలమాళిగలో పుట్టింది. నీకది తెలియదు. తెలిసిందల్లా ఒకటే, కాళ్ళ కింద చెక్క వెచ్చగా ఉంది. బయటికి ఇటుక కనిపిస్తుంది గానీ ఈ భవనం లోపలి అస్థిపంజరమంతా చెక్కే. అంతస్తు మీద అంతస్తు. వాటన్నిటినీ కలుపుతూ లిఫ్టు గూడు, గాలి గొట్టాలు. కింద రాజుకున్నది పైకి రావడానికి దారులన్నీ సిద్ధంగా ఉన్నాయి.

ముందు ఎవరిని లేపుతావు?

నీ కాళ్ళు చివరి గదివైపు లాగుతున్నాయి. లేవలేని ముసలావిడ దగ్గరికి. ఆగు. నువ్వొక్కదానివి ఆవిణ్ణి మొయ్యలేవు. మోసేలోపు ఈ వరసలో నడవగలిగినవాళ్ళంతా పొగలో ఇరుక్కుంటారు. నడిచేవాళ్ళని ముందు లేపితే వాళ్ళే మోస్తారు.

మొదటి తలుపు బాదు. తెరువు. దుప్పటి లాగు.

"లేవండి అయ్యగారూ! బట్టలొద్దు! దుప్పటి కప్పుకోండి!"

రెండో తలుపు. మూడోది. ఒకాయన చొక్కా వెతుకుతున్నాడు. చెయ్యి పట్టుకుని వరండాలోకి లాగు. ఇంకొకావిడ నిన్ను చూసి ఏడుస్తోంది. తడి తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టి ముందుకి తొయ్యి. ఎవరో లిఫ్టు గంట నొక్కుతున్నారు.

"లిఫ్టు వద్దు! మెట్లు! మెట్లు!"

వెనక మెట్ల తలుపు తీస్తావు. నల్లటి పొగ మొహాన కొడుతుంది. మూసెయ్యి. ఇక మిగిలింది బయట ఇనుప మెట్లే. కిటికీ పైకెత్తు. చలి కత్తిలా లోపలికొస్తుంది. మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంది. నీ ఏప్రన్ విప్పి మొదటి మెట్టు మీద పరుస్తావు. ఒక్కొక్కరు. కాళ్ళు ముందు. చేతులు వదలొద్దు. కిందికి చూడొద్దు.

నీ వరసలో పన్నెండు గదులు. పదకొండు ఖాళీ అయ్యాయి.

చివరి గది.

పొగ నడుం దాకా దిగింది. వంగి వెళ్తావు. ముసలావిడ మేలుకునే ఉంది. నీకోసమే చూస్తోంది.

"నా పెట్టె," అంటుంది.

"అమ్మగారూ, చేతులు నా మెడ చుట్టూ వెయ్యండి."

"నా పెట్టె."

ఎత్తబోతావు. లేవదు. మళ్ళీ ప్రయత్నిస్తావు. దగ్గు. కళ్ళల్లో నీళ్ళు. తలుపు కనబడటం లేదు. ప్రభువా.

బూట్ల చప్పుడు.

"ఎక్కడున్నావ్?"

సిస్టర్ అనలేదు. నీ పేరు పెట్టి పిలిచాడు, మొదటిసారి.

"ఇక్కడ! కాళ్ళవైపు పట్టుకో!"

పరుపుతో సహా ఎత్తుతారు. ఆవిడ కేక పెడుతుంది. ఎముక. ఆగడానికి వీల్లేదు. వరండా. గోడ మీద కాగితం ముడుచుకుని ఊడిపోతోంది. లిఫ్టు గూట్లోంచి మంట నాలుక చాపింది. కిటికీ. అతను వెనక్కి తిరిగి మెట్లు దిగుతున్నాడు. బరువంతా అతని మీదే. నీ చేతుల్లో దుప్పటి జారుతోంది. పట్టుకో. ఇంకొక మెట్టు. ఇంకొకటి. ఇంకొకటి.

మంచు. నేల.

కూలబడతావు. ఊపిరి పీలిస్తే రొమ్ము మండుతుంది.

తల తిప్పేసరికి అతను లేడు. మళ్ళీ మెట్లెక్కుతున్నాడు. పై అంతస్తు కిటికీలో ఎవరివో చేతులు ఊగుతున్నాయి.

వెళ్తావా?

నీ కాళ్ళు లేచేశాయి. ఏదో పట్టుకు లాగింది. చూస్తే ముసలావిడ చెయ్యి, నీ గౌను అంచు మీద. వణుకుతోంది. ఆవిడ ఒంటి మీద పల్చటి దుప్పటి. ఆ చుట్టుపక్కల మంచులో చెప్పుల్లేకుండా నిలబడ్డ పదకొండు మంది నీవైపే చూస్తున్నారు. వాళ్ళకి ఎటు వెళ్ళాలో తెలియదు. నీకు తెలుసు.

ఆ కిటికీ నుంచి చూపు తిప్పుకోవడం నీ బతుకులో నువ్వు చేసిన అతి కష్టమైన పని.

"అందరూ చేతులు పట్టుకోండి," అంటావు. "కాలేజీ హాస్టలు వైపు. రండి."

బ్యాటిల్ క్రీక్ కాలేజీ కిందటేడే బెరియన్ స్ప్రింగ్స్‌కి తరలిపోయింది. ఆ గదులున్నాయి. ఊళ్ళోవాళ్ళు స్లెడ్జి బండ్లు తోలుకొస్తున్నారు. ఒకడు ఏమీ అడక్కుండా తన కోటు విప్పి ముసలావిడ మీద కప్పుతాడు. పరుపుని బండి మీదికి ఎక్కిస్తారు. నువ్వు పక్కన నడుస్తున్నావు. వెనక పెద్ద చప్పుడు. తిరిగి చూడవు. అందరూ అరుస్తున్నారు, పైకప్పు కూలిందని. అయినా తిరిగి చూడవు. చూస్తే నడవలేవు.

నిప్పురవ్వలు నీ తల మీదుగా ఎగిరిపోతున్నాయి. అవతలున్న ఆసుపత్రి భవనం మీద పడుతున్నాయి. అదీ అంటుకుంది. అందులో ఆపరేషన్ అయినవాళ్ళుంటారు. నర్సులు వాళ్ళని మంచాలతోనే మోసుకొస్తున్నారు. మీ బ్యాచ్ అమ్మాయిలు. నిన్న రాత్రి భోజనాల దగ్గర నవ్వుకున్న వాళ్ళే. నువ్వు రోగుల్ని హాస్టల్లో దింపి మళ్ళీ పరిగెత్తుతావు. మళ్ళీ మోస్తావు. ఎంతమందిని మోశావో నీకు గుర్తుండదు.

తెల్లవారింది.

రెండు పెద్ద భవనాలూ పోయాయి. గోడల మొండాలు, వాటి మధ్య పొగ. హాస్టలు గదుల్లో, వరండాల్లో, మెట్ల కింద కూడా మంచాలు. మేట్రన్ చేతిలో కాగితం. పేర్లు పిలుస్తోంది. జవాబు వచ్చినప్పుడల్లా గీత పెడుతోంది. గీత. గీత. గీత. చివరికి తేలినదేమిటంటే రోగుల్లో ఒక్క వృద్ధుడు తప్ప అందరూ బతికారు. ఆయన్ని క్షేమంగా బయటికి తెచ్చాకే డబ్బుసంచీ కోసం మళ్ళీ లోపలికి వెళ్ళాడని చెప్పుకుంటున్నారు.

నిద్రమబ్బులో ఉన్న 400 మంది, చెక్క భవనం, గడ్డకట్టిన మెట్లు, చీకటి. అందులోంచి ఇంతమంది బయటపడ్డారంటే ఎవరు కారణం? ఇరవై ఏళ్ళు నిండీ నిండని నర్సులు, బాయిలరు గది కుర్రాళ్ళు, వంటవాళ్ళు. రాత్రికి రాత్రి వాళ్ళకి ధైర్యం పుట్టుకొచ్చిందని నేననుకోను. వరుసగా ఎన్నో రాత్రులు ఆ మంచాల పక్కన నిలబడ్డారు, ఎవరు ఏ గదిలో ఉన్నారో, ఎవరు నడవగలరో చీకట్లోనూ తెలిసేంతగా.

మేట్రన్ పనివాళ్ళ పేర్లకొచ్చింది. అతని పేరు పిలిచింది.

జవాబు లేదు.

మళ్ళీ పిలిచింది.

నీ చేతిలో గిన్నె ఉంది. పాలు వణుకుతున్నాయి.

"వచ్చేశానండీ!"

గుమ్మంలో అతను. కనుబొమ్మలు కాలిపోయాయి. ఎడమ చేతికి గుడ్డ చుట్టుకున్నాడు. కుడిచేత్తో, భుజంతో కలిపి గ్రానోస్ పెట్టెల దొంతర మోస్తున్నాడు. వెనక ఇంకా ఇద్దరు, ఇంకా పెట్టెలు.

"డబ్ల్యూ.కె. గారు పంపారు," అంటాడు మేట్రన్‌తో. "రోగులకి ఫలహారం టైము దాటిపోయింది."

నువ్వు గిన్నె బల్ల మీద పెట్టి అందరి ముందే అతని దగ్గరికి వెళ్తావు. మేట్రన్ చూస్తోంది. చూడనీ. గుడ్డ విప్పి చేతిని చూస్తావు. బొబ్బలు. వేళ్ళు కదుపుతున్నాడు. పర్లేదు, నయమవుతుంది. శుభ్రం చేసి మందు రాసి కట్టు కడతావు, గట్టిగా ఉండేట్టు.

"నువ్వు నా వెనక రాలేదు," అంటాడు మెల్లిగా.

"రాలేదు."

"పైనుంచి చూశాను. వాళ్ళని వరసగా నడిపించుకుపోతున్నావు. రావద్దనే అనుకున్నాను. వస్తావేమోనని భయపడ్డాను." ఆగుతాడు. "ఆ ఫ్యాక్టరీ మనిషి మధ్యాహ్నం వస్తాడు. ఏం చెప్పను?"

ముసలావిడ మంచం దగ్గర్లోనే ఉంది. ఉత్తరాలన్నీ కాలిపోయినావిడ. కళ్ళు మూసుకుందిగానీ వింటోందని నీకు తెలుసు.

"నేను ఇక్కడినుంచి కదలను," అంటావు. "చదువు అయ్యేదాకా, వీళ్ళు లేచేదాకా. నువ్వెళ్ళడం పాపమని నేననను. కూలి పెంచుకోవడం పాపం కాదు. నువ్వు ఎక్కడ పనిచేసినా పెళ్ళి మాత్రం నిన్నే చేసుకుంటాను. నిన్న చెప్పాల్సింది, ఇప్పుడు చెబుతున్నాను."

అతను చాలాసేపు నీ మొహంలోకి చూస్తాడు.

"పొయ్యిలు రాత్రింబవళ్ళు నడపాలంటున్నారు డబ్ల్యూ.కె. గారు," అంటాడు చివరికి. "ఇంతమందికి తిండి కావాలి. గోధుమ చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇవాళ వదిలిపెట్టి పోతే రేపు గుడిలో నీ వెనక వరసలో ఎలా కూర్చుంటాను? ఎండాకాలం వచ్చాక చూద్దాం. జీతం పెంచమని డబ్ల్యూ.కె. గారినే అడుగుతాను. ఆయనకే మొదట్లో వారానికి 6 డాలర్లిచ్చారట, ఆ బాధ ఆయనకి తెలుసు."

సాయంకాలానికి ఇంకో కబురు. డాక్టర్ గారికి షికాగోలో సంగతి తెలిసిందట. అక్కణ్ణించి వచ్చే రైల్లోనే కాగితం ముందేసుకుని కొత్త భవనానికి నక్షా గీస్తూ వచ్చారట. ఆ గీతల్లోంచి లేచిన భవనానికి 1903 మే 31న ప్రతిష్ఠ చేస్తారు, ఈసారి నిప్పుకి తట్టుకునేట్టు కట్టి. డబ్ల్యూ.కె. గారు 1906లో అన్నగారి నుంచి విడివడి మొక్కజొన్న రేకుల కంపెనీ సొంతంగా పెడతారు. అదంతా ఇంకా రావాల్సి ఉంది. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది 37 మందికి రాత్రి భోజనం.

అది అయ్యాక హాస్టలు మెట్ల మీద కూర్చుంటారిద్దరూ. ఎవరినో అడిగి పెన్సిలు తెచ్చాడు. అతని చేతికి కట్టు ఉంది, నువ్వే రాయాలి. మీ నాన్నగారికి.

"ముందు మంటల సంగతి రాయి," అంటాడు. "నువ్వు క్షేమమని చెప్పు. కంగారుపడతారు. పెళ్ళి సంగతి చివర్లో, నెమ్మదిగా."

ముసలావిడ లోపలినుంచి పిలుస్తుంది. "ముందు పెళ్ళి సంగతే రాయమ్మా. ఉత్తరం మొదటి వాక్యమే మనుషులకి గుర్తుండేది."

నువ్వు ముందు పెళ్ళి సంగతే రాస్తావు.